కెంగంజి పట్టిన పాలు

కెంగంజి చేతిలో పడ్డ పెళ్ళికూతురు బక్కచిక్కి అత్తారింటికి వెళ్ళిన దాఖలా లేదు. న్యబుషోజి పచ్చికబయళ్ళలో ఏ దొడ్డి దగ్గర ఆగి అడిగినా ఈ మాటే చెబుతారు. పెళ్ళి కుదిరిన పిల్లను మేనత్త చేతిలో పెట్టడం ఆవులే ఆస్తిగా బతికే మా హిమా వాళ్ళ ఆనవాయితీ. మేనత్త లేనివాళ్ళు, ఉన్నా ఆమెకు ఓపిక లేనివాళ్ళు కెంగంజిని పిలిపించుకునేవారు. ఆమె వచ్చి పిల్లను లోపలి గదిలో కూర్చోబెట్టి గుమ్మానికి అడ్డంగా తాను కూర్చునేది. తెల్లవారగానే ఒక చెంబు పాలు, పొద్దెక్కాక ఒకటి, ఎండ తిరిగాక ఒకటి, ఆవులు ఇల్లు చేరాక మరొకటి. చెంబంటే నాలుగు గుక్కల చెంబు కాదు. వాసనకని గడ్డిపొగ పట్టించిన చెక్కచెంబు, నిండా పోస్తే దూడ కడుపు నిండుతుంది. పిల్ల నడవకూడదు, ఎండ చూడకూడదు, చీపురు ముట్టకూడదు. రెండు నెలలు తిరిగేసరికి బుగ్గలు నిండి, మోచేతి ఎముక లోపలికి పోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఆ ఆయాసం చూసి మగపెళ్ళివారు మురిసిపోయేవారు. బక్కపిల్లను పంపితే ఆ ఇంటి ఆవులు ఎండిపోయాయని కదా లోకం అనుకునేది.

తాగనని మొరాయించే పిల్లల్ని దారికి తేవడంలో కెంగంజిది అందెవేసిన చెయ్యి. కొట్టేది కాదు, తిట్టేది కాదు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కదలకుండా కూర్చునేది, అంతే. "నాకేం తొందర్లేదే తల్లీ. మా ఆయన పైకెళ్ళి పదేళ్ళయింది, ఇంటికి తొందరగా రమ్మనేవాడు లేడు" అనేది. పిల్ల నవ్వేది, నవ్వి తాగేది. మొగుడు పోయాడు, కడుపు పండలేదు, ఉన్న ఆవుల్లో సగం కరువులో పోయాయి. కెంగంజికి మిగిలింది ఆ పేరొక్కటే. ఆ పేరును కాపాడుకోవడానికి ఆమె చేసిన పని ఒకటుంది. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగదు.

కెసాందె ఆమె అన్న కూతురు. ఆ అన్న స్లిమ్‌తో పోయాడు. ఎయిడ్స్‌ను ఆ రోజుల్లో మా వైపు స్లిమ్ అనేవారు, మనిషిని పుల్లలా చేసి గానీ చంపేది కాదు కనక. నిండుగా ఉండే మనిషి ఏడాదిలో ఎముకలగూడు అయ్యాడు. అతని చెంబు వేరుపెట్టారు, చాప వేరుపెట్టారు. చుట్టాలు ఆ ఇంటి దారి మరిచిపోయారు. ఆరు నెలలు తిరక్కుండా వదిన కూడా పోయింది. ఐదేళ్ళ కెసాందెను కెంగంజి తన ఇంటికి తెచ్చుకుంది. ఆ రోజునుంచీ ఆమె కంటికి సన్నటి మనిషంటే చావు, లావు మనిషంటే బతుకు.

ఇరవయ్యేళ్ళకు కెసాందెకు ముగరూరతో పెళ్ళి కుదిరింది. పిల్లది తండ్రి పోలిక, సన్నటి ఒళ్ళు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ పాలు పట్టి సొంత మేనకోడల్ని పుల్లలా పంపితే ఇంకేమన్నా ఉందా! రెండు నెలలు కాదు, నాలుగు నెలలు కూర్చోబెట్టింది. మిగతా పిల్లలు ఏడ్చేవారు, కక్కుకునేవారు, ఆమె కన్నుగప్పి కుక్కకు పోసేవారు. కెసాందె మాత్రం ఎత్తిన చెంబు దించకుండా తాగి, మూతి తుడుచుకుని, "ఇంకా ఉన్నాయా అత్తా?" అనేది. పెళ్ళినాడు ఇద్దరు పట్టుకుంటే గానీ గుమ్మం దిగలేకపోయింది. ఆ వైభవం గురించి కెంగంజి ఏళ్ళ తరబడి చెప్పుకుంది, విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పింది.

ఇద్దరు బిడ్డలు పుట్టారు. రెండోవాడు ఐదు కిలోలు తూగాడు. "మా పాల మహిమ" అని కెంగంజి బజారంతా చాటింది. బాలింతకు నీళ్ళు పోయడానికి కూర్చోబెట్టినప్పుడు కెంగంజి మేనకోడలి మెడ చూసింది. మెడ వెనక మడతల్లో ఒంటి రంగుకన్నా నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలాగా ఒక పట్టీ.

"ఏమే, మీ అత్తారింట్లో నీళ్ళకి కరువొచ్చిందా? మెడ కడుక్కోవడం కూడా మానేశావా?" అని, కాళ్ళు రుద్దుకునే గరుకురాయి తీసుకుని రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. కెసాందె పళ్ళు బిగబట్టి కూర్చుంది. రక్తం కనిపించాక గానీ కెంగంజి చెయ్యి ఆగలేదు.

మూడు రోజుల తర్వాత బిడ్డకు టీకా వేయించడానికి ఇద్దరూ ఆరోగ్యకేంద్రానికి వెళ్ళారు. అక్కడి నర్సు నిన్సీమా బిడ్డను తూకం వేస్తూ, ఒంగిన తల్లి మెడమీద పక్కుకట్టిన గాయం చూసింది.

"ఇదేంటి? ఎవరు గీకారు?"

"నేనేనమ్మా. మట్టి పేరుకుపోయింది" అంది కెంగంజి.

"మట్టి కాదు పెద్దమ్మా. అది లోపల్నుంచి వచ్చిన నలుపు. నీ రాయి అరిగిపోద్ది గానీ అది పోదు."

నిన్సీమా కెసాందె వేలు గుచ్చి, చుక్క రక్తం చిన్న యంత్రానికి తాకించి, దానివైపు చాలాసేపు చూసింది. మర్నాడు పరగడుపున రమ్మంది. మర్నాడూ అదే చూపు. అప్పుడు ఇద్దర్నీ బల్లమీద చెరోపక్క కూర్చోబెట్టుకుంది. ఆమెదీ ఆవులవాళ్ళ ఇల్లే, అందుకని ఆవుల పోలికతోనే చెప్పింది.

"నువ్వు ఏం తిన్నా ఏం తాగినా అందులో చాలా భాగం చక్కెరై నెత్తురులోకి వస్తది పెద్దమ్మా. నెత్తురు దారి అనుకో, చక్కెర మంద అనుకో. మంద దారిలో నిలబడితే ఏం లాభం? దొడ్లోకి పోవాలి. కండ ఒక దొడ్డి, కాలేయం ఒక దొడ్డి, కొవ్వు ఒక దొడ్డి. దొడ్డికి కంప అడ్డం ఉంటదిగా? ఆ కంప తియ్యమని కేకేసేవాడు ఒకడు కావాలి. పొట్టలో, జీర్ణకోశం వెనకాల, క్లోమం అని ఒక చిన్న ముక్క ఉంది. వాణ్ణి పంపించేది అదే. వాడి పేరు ఇన్సులిన్. వాడు కేకేస్తే కంప తీస్తారు, మంద లోపలికి పోద్ది, దారి ఖాళీ అవుద్ది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వాడు గొంతు తగ్గిస్తాడు, కాలేయం దాచిపెట్టిన చక్కెరని కొంచెం కొంచెంగా బైటికి వదుల్తది. ఆరోగ్యంగా ఉన్నోళ్ళ ఒంట్లో రోజంతా జరిగేది ఇదే."

"బాగానే ఉందిగా. మరి దీనికేమొచ్చింది?"

"దొడ్లు నిండిపోయినా మంద వస్తానే ఉంటే? పొద్దస్తమానం వాడు కంప దగ్గర అరుస్తానే ఉంటే? లోపలోళ్ళకి చెవులు మొద్దుబారిపోతయ్. ఒక్క కేకకి తీసేవాళ్ళు పది కేకలేస్తే గానీ తియ్యరు. నీ ఆవుని పనీపాటా లేకుండా రోజుకి వందసార్లు పేరుపెట్టి పిలిచి చూడు, నెల తిరిగేసరికి చెవి కూడా ఆడించదు. అవునా కాదా?"

"అవును" అంది కెంగంజి. ఆవుల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా!

"ఇదీ అంతే. ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం మానేసింది. మేం ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటాం. వినకపోతే క్లోమం ఏం చేస్తది? ఒకడు చాలకపోతే పదిమందిని పంపిస్తది, ఇరవైమందిని పంపిస్తది. అట్లా ఎక్కువైపోయిన ఇన్సులినే మెడమీద చర్మాన్ని నల్లగా, మందంగా చేసింది. కొన్నేళ్ళు అట్లాగే నెట్టుకొస్తది. తర్వాత క్లోమం అలిసిపోద్ది. అప్పుడు చక్కెర దారిలోనే ఉండిపోద్ది. ఉండి ఊరుకోదు. కళ్ళు పాడుచేస్తది, మూత్రపిండాలు పాడుచేస్తది, కాళ్ళల్లో స్పర్శ తీసేస్తది. ఈ అమ్మాయికి ఇప్పటికే దారిలో చక్కెర నిలబడతా ఉంది."

కెంగంజి ముందుకు జరిగింది. "పాలవల్లా తల్లీ?"

"పాలు విషం కాదు పెద్దమ్మా. మీ వంశంలో ఉండొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు ఎవరికైనా ఒళ్ళు కొంత మొండికేస్తది, ఈమెకి ఎక్కువ మొండికేసింది, బిడ్డ అంత బరువు పుట్టింది కూడా అందుకే. కాకపోతే ఆకలి లేకపోయినా పోసి, నెలల తరబడి కదలకుండా కూర్చోబెడితే ఒళ్ళు మాత్రం ఏం చేస్తది? నడిచే మనిషి కండ చూడు, దానికి కేకతో కూడా అంత పనుండదు. తనే కంప తీసుకుంటది."

ఆ నాలుగు నెలలూ పిల్లను గుమ్మం దాటనివ్వనిది ఎవరు? కెంగంజికి ఆ తర్వాత మాటలేవీ చెవికెక్కలేదు. వంశమన్నదీ, కడుపన్నదీ గాలికి పోయాయి. నువ్వే చేశావన్న మాట మాత్రం మిగిలింది. నర్సు ఆ మాట అననే లేదు.

నిన్సీమా కెసాందెను పాలు సగానికి తగ్గించమంది, టీలో పంచదార మానమంది, రోజూ మందతోపాటు నీళ్ళ రేవుదాకా నడవమంది, మాత్రలిచ్చింది. ఆరోగ్యకేంద్రం కార్డు మీద రెండు సంగతులు రాసింది. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో స్లిమ్ లేదని ఒకటి, ఇప్పుడు చక్కెర ఉందని ఒకటి. "మా ఇంట్లో పిల్లలు చింపేస్తారు, నీ దగ్గరుంచత్తా" అని కెసాందె ఆ కార్డు కెంగంజికిచ్చింది.

చెప్పింది చెప్పినట్టు చేయడం కెసాందెకు పుట్టుకతో వచ్చిన గుణం. ఎండనక, వాననక మంద వెంట నడిచింది. ఎనిమిది నెలల్లో గౌన్లు వదులైపోయాయి, మెడమీది నలుపు పలచబడింది, యంత్రంలో అంకె దిగింది. ఆయాసం లేకుండా గుట్ట ఎక్కి దిగుతోంది. నిన్సీమా సంతోషం పట్టలేక ఆమెను కౌగిలించుకుంది.

ఊరు మాత్రం మరోలా చూసింది. స్లిమ్‌తో పోయినవాడి కూతురు, నెలనెలా ఆసుపత్రికి పోతోంది, రోజూ మాత్రలు మింగుతోంది, నానాటికీ చిక్కిపోతోంది. ఇంకేం కావాలి! స్లిమ్‌కి మందులొచ్చిన కొత్త అది. రోజూ మాత్ర మింగే మనిషి గురించి మా వైపు ఎవరూ రెండో మాట అనుకునేవారు కాదు. అత్తగారు యూనిస్ మొదట కోడలి చెంబు వేరుపెట్టింది. తర్వాత పిల్లల్ని తల్లి పక్కన పడుకోనివ్వలేదు. కెసాందె మొగుడితో ఇది చక్కెర జబ్బని చెప్పింది. "చక్కెర జబ్బు పట్నంలో సోడాలు తాగి కుర్చీల్లో కూర్చునే షావుకార్లకి వస్తది. నువ్వే షావుకారువి?" అన్నాడు ముగరూర. చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు.

అత్తారింట్లో పిల్ల ఒంటికి ఏం తేడా వచ్చినా పూచీ మేనత్తది. కెంగంజికి కబురొచ్చింది. ఆమె కార్డు కొంగుకు ముడేసుకుని బయల్దేరింది. చూపించాలనే బయల్దేరింది, అది మాత్రం నిజం. వెళ్ళేసరికి వాకిట్లో యూనిస్, ముగరూర, వాళ్ళ వంశం పెద్దలిద్దరు కూర్చుని ఉన్నారు. కెసాందె గుమ్మం పక్కన నిలబడి ఉంది.

"వదినా, నీ చేత్తో అప్పజెప్పిన పిల్ల అప్పుడెట్లుందో, ఇప్పుడెట్లుందో చూడు" అంది యూనిస్. "చక్కెర జబ్బని చెప్తోంది. ఆసుపత్రికి తోడెళ్ళింది నువ్వేగా. చక్కెరే అయితే నీ నోటితో చెప్పు, మేం నమ్ముతాం. నీ మాటని ఈ ఊళ్ళో ఎవరూ ఇంతవరకు కాదన్లేదు."

కెంగంజి చెయ్యి కొంగు ముడిమీదకు పోయింది. అంతలో పెద్దల్లో ఒకాయన, ఏదో తెలుసుకుందామనే అడిగాడు. "అసలు ఆ చక్కెర ఆడవాళ్ళకి ఎట్లా వస్తదంటమ్మా?"

ఆయన ఇద్దరు కూతుళ్ళకీ పాలు పట్టింది కెంగంజే. యూనిస్ కూతురికి పట్టింది కూడా ఆమే. కార్డు విప్పితే నర్సు చెప్పిందంతా చెప్పాలి. చెబితే ఈ వాకిలి దాటకముందే కెంగంజి పాలు జబ్బు తెస్తాయన్న మాట ఊరంతా పాకుతుంది. ఇన్నాళ్ళూ దొరసానిలా నడిచిన ఊళ్ళో తల దించుకుని నడవాలి. ఆ ఒక్క క్షణంలో ఇవన్నీ ఆమె బుర్రలో తిరిగాయి. కెసాందె తిరగలేదు.

"చక్కెరా లేదు, పాడూ లేదు" అంది. "మా వంశంలోనే లేదు ఆ జబ్బు. మీ ఇంట్లో పిల్లకి పాలు చాలట్లా, అంతే. నలభై రోజులు దాన్ని నాకొదిలెయ్యండి. నిండుమనిషిని చేసి అప్పజెప్తా."

కెసాందె ఒక్కసారి తలెత్తి అత్తను చూసింది. మళ్ళీ దించుకుంది.

ఆ నలభై రోజులూ కెంగంజి ఆ ఇంట్లోనే ఉంది. "జనం చూస్తే స్లిమ్ మందులంటారే" అని మాత్రలు తీసుకెళ్ళి మరుగుదొడ్డి గుంటలో పడేసింది. మొదటిరోజు పొద్దున్నే చెంబు నింపి తెస్తే కెసాందె దాన్ని రెండు చేతులా అందుకుని, "తాగమంటావా అత్తా?" అంది.

"తాగు తల్లీ."

తాగింది. వెనకటిలా ఎదురుగా కూర్చోవడం ఈసారి కెంగంజి వల్ల కాలేదు. చెంబు అందించి, గోడవైపు తిరిగి, గుటకల చప్పుడు ఆగేదాకా అట్లాగే నిలబడేది. నలభైరోజులకు పిల్ల బుగ్గలు వచ్చాయి. యూనిస్ వేరుపెట్టిన చెంబు పారేసి, అందరి ముందూ తాను తాగిన చెంబే కోడలికిచ్చింది. ఊళ్ళో వాళ్ళు "అదీ కెంగంజి చెయ్యంటే" అన్నారు. తేలు కుట్టిన దొంగలా ఆమె ఆ పొగడ్తలన్నీ మింగి ఇల్లు చేరింది.

గొడవ చల్లారాక చెబుదామనుకుంది. పిల్లను గుట్టుగా నర్సు దగ్గరికి తీసుకుపోదామనుకుంది. వర్షాలు వెళ్ళనీ అనుకుంది, చంటాడు పాలు మాననీ అనుకుంది. పాపం చేసినవాళ్ళకు సాకులకేం తక్కువ! అలా మూడేళ్ళు గడిచాయి. మధ్యలో ఎన్ని ఇళ్ళనుంచి పిలుపులొచ్చినా మోకాళ్ళ నొప్పులని చెప్పి ఒక్క పెళ్ళికూతురికీ పాలు పట్టలేదు. ఆరోగ్యకేంద్రం ఎదురుగా పోవాల్సొస్తే గుట్ట చుట్టూ తిరిగిపోయేది. నిన్సీమా ఒకసారి మనిషిని పంపింది, కెసాందె ఎందుకు రావట్లేదని. "పిల్ల బావుంది" అని చెప్పి పంపేసింది. పడుకున్నా లేచినా గుటకల చప్పుడు చెవిలోనే ఉండేది.

మూడో ఏడు కెసాందె మళ్ళీ చిక్కడం మొదలుపెట్టింది. ఈసారి నడకా లేదు, మాత్రలూ లేవు, తిండికి తక్కువా లేదు. కుండెడు నీళ్ళు తాగినా దాహం తీరదు, గడియకోసారి బయటికి పోవాలి, తిన్నది ఒంటికి పట్టదు. క్లోమం అలిసిపోయింది. చక్కెర దారిలో నిలబడి మూత్రంతో బయటికి పోతోంది, దొడ్లు ఖాళీ. మొదటిసారి చిక్కింది బాగుపడి, ఈసారి చిక్కుతున్నది చెడి. చూసే కళ్ళకు రెండూ ఒకటే.

పాల డబ్బాలు పట్టుకెళ్ళే లారీ డ్రైవరు ఒకనాడు కెంగంజి ఇంటిముందు లారీ ఆపి, "నీ మేనకోడలు పడకేసింది పెద్దమ్మా, లేవట్లేదంట" అని చెప్పాడు. ఆమె పెట్టె అడుగునుంచి కార్డు తీసి, కొంగుకు ముడేసుకుని, అదే లారీ ఎక్కింది.

వెనకగదిలోకి అడుగు పెట్టకముందే వాసన తెలిసింది. కెసాందె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుడిపాదానికి గుడ్డ చుట్టి ఉంది. కెంగంజి గుడ్డ విప్పింది. రెండు వేళ్ళు బొగ్గులా ఉన్నాయి, నలుపు పాదం మధ్యదాకా పాకింది.

"ఎన్నాళ్ళయిందే తల్లీ?"

"ముల్లు ఎప్పుడు దిగిందో నాకే తెలీదత్తా. నొప్పి లేదు. ఇప్పుడూ లేదు చూడు" అంది కెసాందె. ఒళ్ళు మాత్రం కాలిపోతోంది.

వాకిట్లో ముగరూర తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కనే యూనిస్.

"ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదు నాయనా?"

"ఎందుకత్తయ్యగారూ? స్లిమ్‌కి ఆసుపత్రి ఏం చేస్తది? మీ అన్నగారిని మోసుకుపోయారు, ఏమైంది? అంతదూరం తిప్పి బాధపెట్టడం ఎందుకు, ఇంట్లోనే పిల్లల మధ్య పోనీ అంటోంది మా అమ్మ."

అంటే వీళ్ళు పిల్ల చావుకోసం కూర్చున్నారు. ఇంకో పూట నోరు మూసుకుంటే కెసాందె బతకదు. కెంగంజి కొంగు ముడి విప్పి కార్డు ముగరూర చేతిలో పెట్టింది.

"చదువు. అది స్లిమ్ కాదు. చక్కెర. నర్సమ్మ నాకు చెప్పి నాలుగేళ్ళు కావస్తోంది. ఆ రోజు ఈ వాకిట్లో మీరందరూ అడిగితే నేను అబద్ధమాడాను. మాత్రలు గుంటలో పోశాను. పాలు పట్టకూడదని తెలిసే పట్టాను."

ముగరూర కార్డు చదివాడు. మళ్ళీ చదివాడు. యూనిస్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"తెలిసే పట్టావా? నలభై రోజులు నా ఇంట్లో కూర్చుని, నా ఆవుల పాలు, తెలిసే పట్టావా? ఎందుకే?"

"నా పేరు పోద్దని."

"థూ! కంచే చేను మేసిందే" అని యూనిస్ లేచింది. "నా కూతురికి కూడా నువ్వేగదే పట్టింది! దానికేం తెచ్చిపెట్టావో?" ఆ తర్వాత ఆమె అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఆ తిట్లలో కెంగంజికి అన్యాయంగా అనిపించింది ఒక్కటీ లేదు.

ముగరూర తిట్టలేదు. పరిగెత్తుకెళ్ళి పక్క దొడ్డి దగ్గర డబ్బాలెక్కించుకుంటున్న లారీని ఆపాడు. పాలడబ్బాల మధ్య పరుపు వేసి భార్యను పడుకోబెట్టాడు. అత్తయ్యగారిని ఎక్కమని అనలేదు, దిగమనీ అనలేదు. కెంగంజి ఎక్కి, దారిపొడవునా కుదుపులకు డబ్బాలు ఒరిగి పిల్లమీద పడకుండా వీపు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఎంబరారా పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరు కాలు చూసి, మోకాలి కింద తీసేయాలన్నాడు. తీసేశారు. "కనీసం రెండు వారాల ముందు తెచ్చుంటే వేళ్ళతో పోయేదమ్మా" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. కెంగంజి వరండాలో కూలబడి, రెండు వారాలేంటి బాబూ, నాలుగేళ్ళు అనుకుంది.

ఇప్పుడు కెసాందె క్లోమంలో సత్తువ మిగల్లేదట. లోపలినుంచి ఇన్సులిన్ చాలినంత రాదు కనక బయటినుంచి సూదితో ఎక్కించాలి, రోజుకు రెండుసార్లు, పొట్టమీద చర్మం కింద. వార్డు నర్సు ఇంట్లోవాళ్ళు ఎవరైనా నేర్చుకోమంది. నేను నేర్చుకుంటానంది కెంగంజి. నారింజపండుమీద గుచ్చి గుచ్చి నేర్చుకుంది. ఎక్కువైతే చక్కెర మరీ పడిపోయి మనిషి సొమ్మసిల్లుతుందని, తక్కువైతే మళ్ళీ మొదటికొస్తుందని, తిండి వేళ తప్పకూడదని నర్సు పదిసార్లు చెబితే పదకొండోసారి తానే అడిగి చెప్పించుకుంది. చూపు ఆనక సూదిగొట్టం మీది గీతలు కనిపించకపోతే పక్కమంచం వాళ్ళ చేత చదివించుకుని గానీ గుచ్చేది కాదు.

అయినా అసలు మాట అనడానికి ఐదు రోజులు పట్టింది. మధ్యాహ్నం ముగరూర పిల్లల్ని తీసుకొచ్చి, చూపించి, తీసుకెళ్ళాడు. కెసాందె దిండుకు ఆనుకుని కూర్చుంది. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది.

"ఆ రోజు పెద్దల ముందు నేను..." అంది కెంగంజి.

"తెలుసత్తా. నేనక్కడే ఉన్నాగా."

"కార్డు నా కొంగులోనే ఉందే."

"అదీ తెలుసు. ముడిమీద చెయ్యేసుకునే కూర్చున్నావు."

కెంగంజికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరిమీదో ఆమెకే తెలియదు. "మరి నోరెందుకు విప్పలేదే? నా కొంగు లాగి వాళ్ళ మొహాన పడెయ్యొచ్చుగా! నర్సమ్మ చెప్పింది నువ్వూ విన్నావుగా! తెలిసి తెలిసి ఆ పాలెందుకు తాగావే?"

కెసాందె దుప్పటి సరిచేసుకుంది.

"నాన్నకి చెంబు వేరుపెట్టినప్పుడు ఆ చెంబుతోనే పాలు తాగింది నువ్వొక్కదానివే. నేను గుమ్మంలోంచి చూశాను. అంతమందిలో నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా? నాకు చేతకాలేదత్తా."

కెంగంజి దగ్గర ఐదు రోజులుగా కూడబెట్టుకున్న మాట ఒకటే ఉంది. అది అనడానికి మంచం పక్కన ఒంగి, మేనకోడలి చెయ్యి పట్టుకుని, "నన్ను" అని మొదలుపెట్టింది.

"వద్దు" అంది కెసాందె చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "క్షమించమని అడక్కు. నువ్వడిగితే నేను సరేనంటాను. నీ మాట కాదనడం నాకింకా రాలేదు. అందుకే అడక్కత్తా."

వార్డులోకి భోజనాల బండి వస్తోంది. సూది వేళైంది. కెసాందె దిండుమీద వెనక్కి వాలి గౌను పైకి జరుపుకుంది. కెంగంజి సూదిలో గీత పక్కమంచం ఆవిడకు చూపించి చదివించుకుంది. పొట్టమీద చర్మాన్ని రెండువేళ్ళతో పట్టుకుని నేర్పినట్టే దించింది. ఆ పూట అడగలేదు. ఆ తర్వాతా ఎన్నడూ అడగలేదు.